మల్లి వాసన

కమ్మసంద్ర కోటిలింగాల గుడికి పోయి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. అది అబద్ధం. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, నాకు అసలే లేదు. కానీ నాలుగు నెలలుగా నేను ఆడుతూ వచ్చిన అబద్ధాల పక్కన ఇది చాలా చిన్నది. నేను నిజంగా పోతున్నది కేజీఎఫ్‌కు, రాబర్ట్‌సన్‌పేటలోని పాత మార్కెట్టుకు. ఎందుకంటే, నా ముక్కు ఇంకా బతికి ఉందా, చచ్చిపోయిందా అన్నది ఆ రోజు తేల్చుకోవాలి.

నా పేరు మంగళ. కోలారులో పొడుల మంగళమ్మ ఇల్లెక్కడ అంటే ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. పద్దెనిమిది ఏళ్ళుగా చారుపొడి, హుళిపొడి, మెంతిపొడి చేస్తున్నాను. హుళిపొడి అంటే మీ సాంబారుపొడి అనుకోండి. అనుకోండి గానీ నా ఎదురుగా అనకండి, నాకు కోపం వస్తుంది. మాది గుమాస్తాల, బడిపంతుళ్ళ కుటుంబం. మా ఆయన విజయేంద్ర కూడా ఆఫీసులో కాగితాలు కదిపే మనిషే. అందరిలోనూ బాణలి పట్టుకుని పేరు తెచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

ఆ పేరు నా చేతిది కాదు, నా ముక్కుది. ధనియాలు వేయిస్తున్నప్పుడు ఎప్పుడు దించాలో కంటికి తెలియదు. రంగు మారేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన తిరిగే క్షణం ఒకటి ఉంటుంది. ముందు దించితే పచ్చి, దాటితే మాడు. దాన్ని పట్టుకోవడమే నా పని, మిగతాదంతా దంచడం, జల్లించడం, ఎవరైనా చేస్తారు. పక్కవీధిలో ఎవరింట్లో పోపు మాడిందో మా గడపలో కూర్చుని చెప్పేదాన్ని. "ఈమె పుట్టినప్పుడు ముందు ముక్కు వచ్చి, తరవాత మనిషి వచ్చింటాది" అని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆటపట్టించింది.

వానలు మొదలైనప్పుడు ఐదు రోజులు జ్వరం వచ్చింది. తగ్గింది. ఆరో రోజు పొద్దున కాఫీ నోట్లో పోసుకుంటే వేడినీళ్ళు తాగినట్టుంది. "ఇదేం డికాక్షనే, గిన్నె కడిగిన నీళ్ళా?" అని మా అమ్మాయి మధుర మీద విరుచుకుపడ్డాను. పాపం, అది బాగానే చేసింది. ఆ తర్వాత సబ్బు చూశాను, కర్పూరం చూశాను, చెత్తబుట్ట మూత తీసి తల లోపల పెట్టాను. ఎక్కడా ఏమీ లేదు. కంటి పరీక్ష అని చెప్పి బెంగళూరు పోయి ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. వాసన తెలిసే నరానికి దెబ్బ తగిలిందట. రావచ్చు, రాకపోవచ్చు, రోజూ నాలుగైదు రకాల వాసనలు పీలుస్తూ ఉండండి అన్నాడు. నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి, అగరుబత్తి ముందు పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని, రోజుకు రెండుసార్లు పీల్చాను. గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అంతే.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? గాయకురాలు గొంతు పోయిందని చెప్పుకున్నా జనం అయ్యో అంటారు, ముక్కు పోయిందంటే నవ్వుతారు. గడియారం చూసి బాణలి దించడం మొదలుపెట్టాను. మధుర వచ్చి "ఘుమఘుమ అంటాండాది అమ్మా" అంటే అప్పుడు దించేదాన్ని. అది లేనప్పుడు చేసిన ఒక చారుపొడి పట్టుకుని, ఎప్పుడూ కొనే టీచరమ్మ ఒకామె తిరిగి వచ్చింది. "ఈసారి వేరే ఎవరన్నా చేసినారా మంగళమ్మా?" అని మెల్లగా అడిగింది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

అది కూడా సరే అనుకోవచ్చు. పోయిన వారం నేను వంటింట్లో నిలబడి చింతపండు పిసుకుతున్నాను. మధుర హాల్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి పొయ్యి నాబ్ తిప్పి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. "ఇల్లంతా గ్యాసు వాసన! నీకు తెలీలేదా?" అని అరిచింది.  అయినా నా నోరు ఊరుకోలేదు. "ఇప్పుడే పెరట్లోంచి వచ్చినా, నాకేం తెలుసే" అన్నాను. అది నా తడిచేతుల వైపు, చింతపండు గిన్నె వైపు చూసింది.

ఇక రేపు పొద్దున హుళిపొడి వేయించాలి. శ్రీనివాసపురం దగ్గర మామిడితోటల చిక్కవెంకటప్ప ఇంట్లో పెళ్ళి. ఆయన తమ్ముడి పెళ్ళికీ మా పొడే, పెద్ద కూతురి పెళ్ళికీ మా పొడే. "మీ పొడి పడకపోతే మా ఇంట్లో పెండ్లి భోజనం చేసినట్టే కాదమ్మా" అని ఫోనులో చెప్పాడు. నేను గొంతు సవరించుకుని సరేనన్నాను. ఫోను పెట్టేసి ఒక నిర్ణయానికి వచ్చాను. నాకు తెలిసిన లోకంలో అన్నిటికంటే వాసన ఎక్కువున్న చోటికి పోతాను. అక్కడ ఒక్క వాసన, ఒక్కటంటే ఒక్కటి తగిలినా, రేపు బాణలి ఎక్కిస్తాను. అక్కడా రాలేదంటే ఇంక రాదు. బాణలి ముట్టను.

ఆ చోటు ఏదో నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. నాకు ఆరేళ్ళప్పుడు మా మేనమామ మాధవ మామ గనుల ఆఫీసులో రైటరు. ఒకసారి ఆయన ఇంటికి పోయినప్పుడు అమ్మ నన్ను ఆ మార్కెట్టుకు తీసుకుపోయింది. దొరల కాలంలో కట్టింది, పైన రేకుల కప్పు. మసాలా అంగళ్ళ వరసలోకి అడుగుపెట్టగానే వాసన ఎదురొచ్చి నన్ను నిలబెట్టేసింది. తుమ్మి తుమ్మి ఏడ్చాను. కోలారుకు తిరిగొచ్చాక రెండుసార్లు ఉతికినా నా గౌను మూడు రోజులు ఇంగువ కంపు కొట్టింది. నాకు ముక్కనేది ఒకటుందని తెలిసింది అక్కడే.

బంగారుపేట మీదుగా బస్సులో పోయాను. కేజీఎఫ్ దగ్గరపడేకొద్దీ బంగారం తీశాక పారబోసిన మట్టి, సైనైడు దిబ్బలు కనబడ్డాయి, పాతబడిన గని చక్రాలు కనబడ్డాయి. నాకవేవీ పట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని, పరీక్షకు పోయే పిల్లలాగా ముక్కు ఊరికే ఎగబీల్చి చూసుకుంటున్నాను.

మార్కెట్టు అలాగే ఉంది. ఇనుప స్తంభాలు, ఎత్తైన రేకుల కప్పు, కప్పు కింద సందుల్లోంచి ఏటవాలుగా పడే ఎండ, ఆ ఎండలో తేలే పసుపు దుమ్ము. ఎవరూ నన్ను గుర్తుపట్టరు. కోలారు అంగళ్ళలో అయితే "రండి మంగళమ్మా, ఈ మెంతులు కొంచెం వాసన చూసి చెప్పండి" అని ప్రాణం తీస్తారు. ఇక్కడ నేను ఎవరో ఊరు చూడటానికి వచ్చిన మనిషిని. ఫోను తీసి ఒకటి రెండు ఫొటోలు కూడా తీశాను, చూసేవాళ్ళకు అలా అనిపించాలని.

మసాలా వరస మొదట్లో ఆగాను. కళ్ళు మూసుకున్నాను.  "స్వామీ, గుడికని చెప్పి ఇక్కడికొచ్చాను, తప్పే, దానికి వేరే శిక్ష వెయ్యి" అనుకున్నాను. లోపలికి అడుగుపెట్టి గట్టిగా పీల్చాను.

ఏమీ లేదు.

ఎంత ఏమీ లేదంటే, మా ఇంటి గోడ ముందు నిలబడి పీల్చినా అంతే ఉంటుంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా లవంగాలు, దాల్చినచెక్క, మరాఠీమొగ్గ, గోతాల కొద్దీ మిరియాలు. మూకీ సినిమాలాగా అన్నీ కనబడుతున్నాయి, ఒక్కటీ పలకడం లేదు. ఒక్కో అంగడి ముందూ నిలబడి వంగాను. జీలకర్ర గుప్పిట్లోకి తీసుకుని నలిపాను. సోంపు నలిపాను. వాము నలిపాను, వాము అయినా రాకూడదూ! అంగడివాళ్ళు ఏం కావాలంటే ఏమీ వద్దంటున్నాను. ఒకాయన విసుక్కుని, "ఊరికే చూసిపొయ్యేదానికి ఇదేం మ్యూజియమా అమ్మా?" అన్నాడు. ఇంకో రోజైతే ఆయనకు తగిన సమాధానం చెప్పి ఉండేదాన్ని.

వరస సగం దాటాక ఎవరో ఎండుమిరపకాయల గోతం బోర్లించారు. ఎర్రటి దుమ్ము లేచింది. నా ముక్కులో ఏదో సర్రుమని ఎక్కింది. తుమ్మాను. మళ్ళీ తుమ్మాను. కళ్ళలో నీళ్ళు కారాయి. అయ్యో దేవుడా, వచ్చింది!

"వచ్చింది! వాసన వచ్చింది!" అని గట్టిగానే అరిచాను. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. చూస్తే చూడనీ. మిరపకాయల గోతం మీద పడ్డాను, ముఖం దగ్గరగా పెట్టి పీల్చాను. గొంతు మండింది, దగ్గొచ్చింది, ముక్కు భగ్గుమంది. కానీ మిరపకాయకు ఒక వాసన ఉంటుంది. ఎండలో ఎండిన తోలు వాసన, కొంచెం తీపి, కొంచెం మట్టి. దాని కోసం వెతికాను. అది లేదు. మంట ఒక్కటే ఉంది.

మంట వేరు, వాసన వేరు. ఘాటు ఎవరికైనా తెలుస్తుంది, గాడిదకు కూడా తెలుస్తుంది. పద్దెనిమిది ఏళ్ళు మిరపకాయలు దంచినదాన్ని, నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఒక్క నిమిషం మరిచిపోవాలనిపించింది, అంతే. ఆ నిమిషం తర్వాత నాకు నిజంగా ఏడుపొచ్చింది. కారం వల్ల అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"ఏమ్మా, నీళ్ళు తాగుతావా?" ఎదురంగడిలోంచి ఒక పెద్దాయన పిలిచాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఎడమకాలు చాపుకుని ఎత్తైన పీట మీద కూర్చున్నాడు. తలపైన బోర్డు మీద ఓబలప్ప అని రాసి ఉంది. పక్కన చాప మీద ఆయన భార్య మల్లెపూలు కడుతోంది. ఆమే చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏ ఊరమ్మా?"

"బెంగళూరు. ఊరికే, పాత మార్కెట్టు చూసి పోదామని వచ్చినా" అన్నాను.

"మాట వింటే ఈ పక్క మాదిరి ఉండాదే" అని నవ్వాడు. "మావోళ్ళు చిత్తూరు తట్టు నుంచి వచ్చినారమ్మా, మా తాత కాలంలో. నేను ముందర గనిలో ఉంటి, తరవాత ఈ అంగడి. ఏమి కావాల?"

"ఇంగువ. అన్నిటికంటే ఘాటైనది. పిండి కలిపింది వద్దు, ముద్ద చూపించు."

ఆయన లోపలి నుంచి డబ్బా తీసి మూత విప్పాడు. అవతలి అంగడాయన "ఓ ఓబలప్పా, మూత పెట్టయ్యా!" అని అరిచాడు. ఓబలప్ప భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. నేను డబ్బా రెండు చేతులా పట్టుకుని ముఖం దానిలో పెట్టేశాను. ముద్దను వేళ్ళతో గిల్లాను, ముక్కు కింద రాసుకున్నాను. దాన్ని పట్టుకుని బతిమాలాను, నిజంగా, మనసులో బతిమాలాను. నాలుగు నెలలాయె, ఒక్కసారి రా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి.

రాలేదు.

"బాగుండాది" అని డబ్బా తిరిగిచ్చి, చేతులు కొంగుకు తుడుచుకున్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

ఓబలప్ప నన్ను ఒక క్షణం పరిశీలనగా చూశాడు. బేరం బాగా తెలిసిన మనిషి వచ్చిందనుకున్నాడేమో, ఉషారుగా వెనక్కి తిరిగాడు. "ఉండమ్మా, నీకు ఒకటి చూపిస్తా. ఈ పొద్దే వచ్చింది. ఇట్లాంటి సరుకు దినామూ రాదు. కండ్లు మూసుకో."

ఆ మాట ఆయన చెప్పకపోయినా మూసుకునేదాన్ని. మంచి సరుకును కళ్ళు మూసుకునే చూడాలి. రెండు అరచేతుల మధ్య వేసి నలపాలి, నోటి ఆవిరి ఒకసారి తగిలించాలి, అప్పుడు పీల్చాలి. ఆయన చేతులు నలిపిన చప్పుడు వినబడింది. ఆవిరి ఊదిన చప్పుడు వినబడింది. చేతుల వెచ్చదనం నా ముఖానికి తగిలింది.

"మల్లి" అన్నాడు గర్వంగా.

నేను బాగా పీల్చాను. అలవాటైన నటన, దానిలో నాకిప్పుడు ఎవరూ సాటి రారు. తల వెనక్కి వాల్చి, "ఆహా! ఎంత బాగుండాదప్పా! ఇప్పుడే విచ్చుకున్నట్టుండాయి. పొద్దున కోసిన మొగ్గలేనా?" అన్నాను.

 పూలు కట్టే చేతుల గాజుల చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు తెరిచాను. ఓబలప్ప అరచేతుల్లో నలిగిన ధనియాలు ఉన్నాయి.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. ఈ ఊరి అంగళ్ళన్నీ అరవంలోనే నడుస్తాయి. అరవంలో ధనియాలను మల్లి అంటారు. నేను మా భాషలో విన్నాను. పక్కనే పూలు ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాను, నలిపిన చప్పుడు విని కూడా మల్లెపూలనుకున్నాను. ధనియాలు! పద్దెనిమిది ఏళ్ళుగా నాకు తిండి పెట్టిన ధనియాలు, నా పేరు, నా పొగరు, మొత్తం నేను. వాటిని ముక్కు కింద పెట్టుకుని, మొగ్గలేనా అని అడిగాను.

"నన్ను పరీక్ష చేస్తావా?" అని ఆయన మీద లేచాను. "ఎవరో తెలీని ఆడమనిషిని నిలబెట్టి ఆట పట్టిస్తావా? వయసు వచ్చింది గానీ..."

"అమ్మా, అమ్మా" అన్నాడాయన, చేతులు అలాగే చాపి. "ఆట కాదమ్మా. దీని పేరే అది ఈ ఊళ్ళో. మంచి సరుకని చూపించినా, అంతే." తర్వాత చేతులు దించి, చాలా మెల్లగా అడిగాడు. "ఎన్ని దినాలాయె?"

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ అంగడి మెట్టు మీద కూలబడిపోయాను. నాలుగు నెలలు మొగుడికి చెప్పనిది, కన్నకూతురికి చెప్పనిది, ముక్కూ ముఖం తెలియని ఆ ఇద్దరికీ చెప్పేశాను. జ్వరం, డాక్టరు, టీచరమ్మ, గ్యాసు, రేపటి పెళ్ళిపొడి, అన్నీ. "నాకు ఇంగేమీ చేతకాదప్పా. ఇది పోతే నేను ఎవరు? మా ఇంట్లో అందరికీ ఏదో ఒక పని ఉండాది. నాకు ముక్కు ఒకటే ఉండె" అన్నాను. ఆయన భార్య నా వీపు మీద చెయ్యి వేసి రాస్తూ ఉంది. నేను గట్టిగా ఏడ్చాను, సిగ్గులేకుండా ఏడ్చాను.

ఓబలప్ప ఇంగువ డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు.

"గనిలో బండ పగిలే ముందర మాట్లాడతాదమ్మా" అన్నాడు. "సన్నగా, టిక్కు టిక్కుమని. అది వింటేనే మాకు ప్రాణం. మా గ్యాంగులో ఈశ్వరప్ప అని ఉండె. వానికి చెవులు పోయినాయి. చెప్తే పైకి పంపిస్తారు, అందరూ నవ్వుతారు అని దాచిపెట్టినాడు. మేము తల ఎత్తితే వాడూ ఎత్తె, మేము నవ్వితే వాడూ నవ్వె. రెండేండ్లు అట్లే. ఒక దినం వాడు ముందర పోతాండాడు, నేను వెనక. ముందర పొయ్యేవాడు వింటాండాడు గదా అని నేను నా పనిలో ఉంటి."

పంచె పైకి లాగాడు. ఎడమకాలు మోకాలి కింద వంకర తిరిగి, పుల్లలా ఉంది.

"చెవులు పోయినందుకు వాని మీద నాకు కోపం లేదమ్మా. నన్ను నమ్మనిచ్చినాడు చూడు, దానికి కోపం. ఈ పొద్దుకీ పోలేదు."

నాకు మళ్ళీ రోషం వచ్చింది. "నా పొడి తిని ఎవరూ చావరులేప్పా" అన్నాను.

"చావరు. నువ్వు ఒకదానివే దినామూ చస్తాండావు" అన్నాడు.

 లేచాను. ఆయన ఆ ధనియాలే ఒక పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఆయన భార్య కుంకుమ పెట్టి, కట్టిన పూలు ఒక మూర తుంచి నా తలలో తురిమింది. ముత్తైదువను ఉత్త చేతులతో పంపకూడదట. ఆ పూలు నా తలలో ఉన్నాయన్న సంగతి కూడా రెండు అడుగులు వేసేలోపు మరిచిపోయాను.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నామె రెండు నిమిషాలకే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లేచి వెనక సీటుకు పోయింది. ముందు సీటాయన తిరిగి తిరిగి చూశాడు. ఏడ్చి ఉబ్బిన ముఖం కదా, పిచ్చిదనుకుని ఉంటారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నాకు సమాధానం దొరికింది. నా ముక్కు చచ్చిపోయింది. ఇంటికి పోయి ఏం చెప్పాలి? బాణలి బరువెత్తొద్దని డాక్టరు అన్నాడని చెప్పొచ్చు. చెయ్యి విరిగిందని కట్టు కట్టుకోవచ్చు. చిక్కవెంకటప్పకు జ్వరమని ఫోను చెయ్యొచ్చు. కోలారు వచ్చేసరికి నాలుగు కొత్త అబద్ధాలు తయారుగా ఉన్నాయి. ఓబలప్ప కాలు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకొకటి కట్టాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. మా ఆయన ఇంకా రాలేదు. మధుర తలుపు తీసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"గుడికి పోయింటివా?"

"ఊఁ. దర్శనం బాగా ఆయె. జనం ఎక్కువ" అన్నాను చెప్పులు విప్పుతూ.

"ఏ గుళ్ళోనమ్మా ఇంగువ నైవేద్యం పెడతారు?"

నేను తలెత్తాను. అది నవ్వుతోంది. నడుము మీద చేతులు పెట్టుకుని, దొంగను పట్టుకున్న పోలీసులా నిలబడి ఉంది.

"వీధి మలుపు తిరిగేటప్పటికే వచ్చింది వాసన. ఎవరో పొడి దంచుతాండారు అనుకొంటి. చూస్తే నువ్వు! ఏ సంతకు పోయింటివి నిజం చెప్పు. నీ చీర అంతా ఇంగువ." దగ్గరికొచ్చి నా భుజం మీద ముక్కు పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే. "మిరపకాయలు. లవంగం. కొంగంతా ధనియాలు, మంచివి. రెండు తూర్లు ఉతికినా పొయ్యేట్టు లేదు."

 నేను నాలుగు నెలలు వెతికిన వాసనలన్నీ నా ఒంటి మీదే ఉన్నాయి. ఒక బస్సు జనాన్ని తరిమేటన్ని ఉన్నాయి. నా గౌను మూడు రోజులు కొట్టిన కంపు అది. చెయ్యి తనంతట తనే కొంగెత్తి ముక్కు దగ్గర పెట్టింది. నేను పీల్చడం మధుర చూసింది. దాని నవ్వు కొంచెం తగ్గింది.

"ఇంగేమి ఉండాయి? చెప్పు" అన్నాను.

"ఇంగ..." అది మళ్ళీ వంగి, నా మెడ దగ్గర పీల్చింది. "మల్లి."

"ఏ మల్లి?"

నా గొంతు విని అది తల ఎత్తింది. నా ముఖం చూసింది, నా జడ చూసింది. "ఏ మల్లి ఏమిటమ్మా, మల్లెపూలు. తలలో పెట్టుకోనుండావు గదా, ఇల్లంతా నిండిపోయింది." ఆగింది. పోయిన వారం వంటింట్లో అడిగిన మాటే, ఈసారి అరవకుండా అడిగింది.

"నీకు తెలీలేదా?"

బస్సులో కట్టుకొచ్చిన అబద్ధాలు నాలుగూ నాలుక మీదే ఉన్నాయి. ఏది ముందు తీయాలా అని చూశాను. మధుర నన్నే చూస్తోంది, నేనేం చెప్తే అది నమ్ముదామని.

"తెలీలేదు" అన్నాను. "నాకేమీ తెలీదు మధురా. జ్వరం వచ్చినప్పటి నుంచి. గ్యాసు కూడా తెలీలేదు, నేను పొయ్యి పక్కనే ఉండినా. రేపు బాణలి ముట్టను, చిక్కవెంకటప్పకు నేనే ఫోను చేసి చెప్తా."

అది నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. సిలిండరు ఆపిన చప్పుడు వినబడింది, కిటికీ తెరిచిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత దాని ఏడుపు వినబడింది.